కదలని జనరేటరు

విహార వికాస మండలి వారు చక్రాల ఇల్లు కొన్నారని తెలిసినప్పుడు ఆ ఊళ్ళో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. అంతకు ముందు ఏడాదే వాళ్ళు సముద్రం మీద తేలే హోటలు కట్టారు. అది తేలుతుందో లేదో తెలుసుకోవడానికి నీళ్ళలోకి దించడం ప్రమాదమని తీర్మానించి, ఇసుకలోనే ఉంచి రిబ్బను కత్తిరించారు. అలాంటిది ఇప్పుడు ఇంటికి చక్రాలుండటమూ, ఆ చక్రాల మీద అది నిజంగా కదలడమూ చూసి జనం ఫరవాలేదనుకున్నారు.

ఆ ఇంటికి సంచార సౌధం అని పేరు పెట్టారు. మండలి ప్రాంతీయ సంచాలకులు మార్తాండరావు గారు పన్నెండు రోజులు విదేశాలు తిరిగి, అక్కడి జనం ఇంటిని కారు వెనక తగిలించుకుని ఊళ్ళేలడం కళ్ళారా చూసి వచ్చిన ఫలితం అది. మీగడ రంగు, రెండు పడకలు, ఒక ఫ్రిజ్, ఒక ఏసీ, పడక మడిస్తే గాని తలుపు తెరుచుకోని స్నానాలగది. ముందు జీపు, దాని వెనక ఇనప కడ్డీకి తగిలించిన సౌధం. సౌధం ముందుభాగంలో ఇనప ఊచల పంజరం ఒకటి, అందులో మోటు బోల్టులతో బిగించిన చిన్న పెట్రోలు జనరేటరు. ఊరి నుంచి కొండమీది కాఫీ తోటల దాకా తొంభై కిలోమీటర్లు. యాత్రికులు సౌధంలోనే కూర్చుని కొండెక్కాలి. ప్రయాణం పొడవునా ఒక్క క్షణం కూడా కరెంటు పోదని కరపత్రంలో అచ్చు వేశారు.

దాన్ని లాగే పని అప్పలసూరికి దొరికింది. ఇరవై రెండేళ్ళు లారీ తోలినవాడు. ఉప్పు, జీడిపిక్కలు, ఇనప చువ్వలు, ఒకసారి సర్కసు వాళ్ళ ఒంటె కూడా అతని వెనక ప్రయాణం చేశాయి. ఈ పని తాత్కాలికమే. ఆరు నెలలపాటు ఒక్క రిమార్కూ లేకుండా చేస్తే పర్మనెంటు చేస్తామన్నారు. అతని భార్య అచ్చియ్యమ్మ ఆరో నెలాఖరు తేదీ చుట్టూ కేలండరు మీద సున్నా చుట్టి, ఇక ఇంటి పట్టున ఉండే మొగుణ్ణి చూడబోతున్నానని అక్కచెల్లెళ్ళకు కబురు పెట్టింది.

జనరేటరుతో పాటు ఒక కాగితం వచ్చింది. కొత్త యంత్రాలతో వచ్చే కాగితాలు ఎవరూ చదవరు గాని అప్పలసూరి చదివాడు. వాహనం కదులుతుండగా దీన్ని నడపరాదనీ, కిటికీలకూ మూసిన గదులకూ దగ్గర్లో అసలే నడపరాదనీ, దీని పొగ వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుందనీ ఎర్ర అక్షరాల్లో ఉంది. మూడుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొదటి యాత్ర నాడు బండి కదిలేముందు జనరేటరు ఆపేశాడు. కొండమీదికి చేరి బండి ఆపి, యాత్రికులు దిగిపోయాక, జనరేటరు విప్పి దూరంగా గట్టు మీద పెట్టి నడిపాడు. అంతా సవ్యంగానే జరిగింది, ఒక్క పెరుగు తప్ప. ఆ యాత్రికులు ఫ్రిజ్‌లో పెట్టుకున్న పెరుగు కొండెక్కేలోగా పులిసింది. వాళ్ళు ఫిర్యాదు రాశారు.

పులిసిన పెరుగు మీద ఫైలు తెరిచారు. వారం తిరక్కుండా అప్పలసూరికి ఒకే రోజు రెండు మెమోలు వచ్చాయి. సౌధములో విద్యుత్తు నిరంతరాయముగా ఉండవలెనని మార్తాండరావు గారి మెమో. కదులుతున్న జనరేటరును ఎట్టి పరిస్థితులలోను నడపరాదని భద్రతా విభాగం పర్యవేక్షకురాలు మందాకిని గారి మెమో. అప్పలసూరి రెండూ పట్టుకుని గుమాస్తా వరహాలు దగ్గరికి వెళ్ళి, ఇందులో దేన్ని పాటించాలని అడిగాడు. వరహాలు రెండూ ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, రెండింటిమీదా సంతకాలున్నాయి కాబట్టి రెండూ పాటించాలన్నాడు.

అప్పలసూరి ఆ మాట మీద రెండు రోజులు ఆలోచించి, రెండూ పాటించే దారి ఒకటి కనిపెట్టాడు. అయిదు కిలోమీటర్లకోసారి బండి ఆపి, యాత్రికుల్ని దింపి, జనరేటరు విప్పి దూరంగా పెట్టి, పావుగంట నడిపి, మళ్ళీ బిగించి బయల్దేరేవాడు. రెండో యాత్ర అలా సాగింది. తొంభై కిలోమీటర్లకు తెల్లవారి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆ యాత్రికులు సెలవంతా రోడ్డు పక్కనే గడిపి, కొండమీదికి చేరిన గంటకే తిరుగుదారి పట్టారు. ఆ ఫిర్యాదు పెరుగు ఫిర్యాదు కన్నా పొడుగ్గా ఉంది.

దాంతో మార్తాండరావు గారు సమావేశం పెట్టారు. ఆయన చెడ్డమనిషి కాడు. ఎవరినీ ఏకవచనంతో పిలిచిన పాపాన పోలేదు. కాగితం మీద రాసింది నిజం కాకుండా పోతుందేమోనని మాత్రం ఆయనకు రోజూ బెంగ. సౌధం పక్కనే కుర్చీలు వేయించి, అందరికీ టీ ఇప్పించి, ఈ విషయాన్ని భావోద్వేగంతో కాక తార్కికంగా పరిశీలించవలసి ఉందని మొదలుపెట్టారు. నియమం ప్రకారం కదిలే జనరేటరును నడపరాదు, ఒప్పుకున్నారు. అయితే ఈ జనరేటరు కదులుతున్నదా అన్నది ఆయన ప్రశ్న. బోల్టులతో సౌధానికి బిగించి ఉంది. కదిలేది సౌధం. సౌధంతో పోలిస్తే జనరేటరు ఉన్నచోటనే ఉంది.

మందాకిని గారు ఏదో అనబోయారు గాని అప్పటికే వరహాలు టేపు తెచ్చాడు. జనరేటరు అంచు నుంచి సౌధం గోడకు పద్నాలుగు అంగుళాలు. అప్పలసూరిని బండి తోలుకుని వీధి చివరి దాకా వెళ్ళి రమ్మన్నారు. వెళ్ళి వచ్చాడు. మళ్ళీ కొలిచారు. పద్నాలుగు అంగుళాలు.

"కావున జనరేటరు నిశ్చల స్థితిలో ఉన్నట్లు ఇందుమూలముగా నిర్ధారించడమైనది," అన్నారు మార్తాండరావు గారు.

మందాకిని గారు నియమాల మనిషి. కొలిచి, సంతకం పెట్టినదానితో ఆవిడకు పేచీ లేదు. అయితే అన్ని వేళలా నిశ్చలంగానే ఉన్నదని ఎలా నమ్మడమని అడిగారు. అందుకు విరుగుడుగా పది కిలోమీటర్లకోసారి డ్రైవరు బండి ఆపి టేపుతో కొలిచి రిజిస్టరులో రాయాలని నిర్ణయించారు. జనరేటరుకు స్థిరత్వ ధ్రువీకరణ పత్రం రాసి, గాజు పలక వేయించి, పంజరానికి తగిలించారు. ఏసీ చల్లదనం బయటికి పోకుండా కిటికీలన్నీ బిగించి లక్క సీళ్ళు వేశారు. అప్పలసూరి జేబులోని కాగితం తీసి, పొగ సంగతి ఇందులో ఉన్నాదండి అని చూపించబోయాడు. అది తయారీదారుల అభిప్రాయం మాత్రమేననీ, మండలిపై దానికి అధికారం లేదనీ సంచాలకులు మర్యాదగానే చెప్పారు.

ఆ తరువాత రెండు యాత్రలు జనరేటరు నడుస్తుండగానే జరిగాయి. కరెంటు పోలేదు, పెరుగు పులవలేదు. యాత్రికులు మాత్రం కొండమీద దిగీ దిగగానే జీపు పట్టుకుని నిలబడ్డారు. ఒకాయన చెప్పులు చేత్తో పట్టుకుని చెప్పులేవని వెతికాడు. తిరిగొచ్చాక అభిప్రాయ పత్రంలో ఒకరు తల తిరిగిపోయిందనీ, ఇంకొకరు ఎక్కడున్నామో తెలియలేదనీ రాశారు. వీటిని ఏ గడిలో వేయాలని వరహాలు అడిగితే, ప్రకృతి సౌందర్యం వల్ల కలిగే తన్మయత్వం అలాగే ఉంటుందనీ, 'అత్యద్భుతం' గడిలో వేయమనీ సంచాలకులు సెలవిచ్చారు. ఆ నెల మండలి పత్రికలో సంచార సౌధానికి ఒక పేజీ కేటాయించారు.

అప్పలసూరికి మనసు మనసులో లేదు. అది ఘాట్ రోడ్డు మలుపుల వల్లే అయుంటుందని తనకు తాను చెప్పుకున్నాడు. ఇరవై రెండేళ్ళు ఆ మలుపుల్లో మనుషుల్ని చూసినవాడు గనక ఆ మాట తనకే నమ్మకం కలిగించలేదు. ఇంటి దగ్గర అచ్చియ్యమ్మతో అన్నాడు. పెద్ద చదువులోళ్ళు రాసిచ్చినారు గదా అని మాత్రం ఆమె అంది. తరవాత కేలండరు వంక చూసింది. ఇంకా ఇరవై రోజులు.

అయిదో యాత్రకు కూర్మమ్మా, ఆమె చెల్లెలు దాలమ్మా వచ్చారు. కూర్మమ్మ ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసి రిటైరైంది. టీకాల పెట్టె భుజాన వేసుకుని ఆ కొండల మీది పల్లెలన్నీ కాలినడకన తిరిగిన మనిషి. అన్నేళ్ళలో ఒక్కనాడైనా అక్కడ ఊరికే కూర్చుని చూసింది లేదు. దాలమ్మ అయితే ఆ కొండల గురించి అక్క నోట వినడమే గాని మోకాళ్ళ నొప్పులతో గడప దాటింది తక్కువ. కాఫీ పూలు తెల్లగా, మల్లెల్లా ఉంటాయని అక్క చెప్పినమాట నిజమో కాదో తేల్చుకుంటానని బండెక్కుతూ అంది.

పదో కిలోమీటరు దగ్గర అప్పలసూరి ఆపి కొలిచాడు. పద్నాలుగు అంగుళాలు. తలుపు తట్టి అడిగితే చల్లగా ఉందన్నారు. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర కొలవడానికి ముందు తలుపు తట్టాడు. జవాబు లేదు. మళ్ళీ తట్టి, తీశాడు. దాలమ్మ పడక మీద ఒరిగిపోయి ఉంది. మొహం కందిపోయి, కళ్ళు సగం మూతలు పడుతున్నాయి. కూర్మమ్మ రెండు చేతులా కిటికీ పట్టుకుని గుంజుతోంది, అది రావడం లేదు. వేళ్ళకు సత్తువ లేదు.

"నాయనా, ముందా మిషను ఆపీ," అంది. "పొగ లోపలికొచ్చేస్తన్నాది. మా చెల్లికి ఏటౌతన్నాదో నాకు తెలుసు."

అప్పలసూరి జనరేటరు ఆపాడు. దాలమ్మను రెండు చేతులా ఎత్తి తెచ్చి రోడ్డు పక్క గాలి తగిలేచోట పడుకోబెట్టాడు. కూర్మమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ కూర్చుంది. అరగంటకు దాలమ్మ కళ్ళు తెరిచి, వాంతి చేసుకుని, తల పగిలిపోతోందంది. గంటకు కాస్త మజ్జిగ తాగింది. ఆ గంటా అప్పలసూరి వాళ్ళకు ఎదురుగా నిలబడలేక సౌధం చుట్టూ తిరిగాడు. ముందు రెండు యాత్రల్లో వచ్చినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చెప్పులు చేత్తో పట్టుకుని చెప్పులు వెతికిన ఆయన్ని చూసి తాను నవ్వాడు కూడా.

స్క్రూడ్రైవరు తెచ్చి కిటికీల మీది లక్క సీళ్ళన్నీ ఒకదాని తరువాత ఒకటి పగలగొట్టాడు. ఊరికి తిరిగి వెళ్ళిపోదామా, ఆసుపత్రికి వెళదామా అని అడిగాడు. దాలమ్మ కొండవైపు చూసి, ఇంతదాకా వచ్చి పువ్వు చూడకుండా పోనంది. కూర్మమ్మ మళ్ళీ నాడి చూసి, ఇంకో గంట ఆగి పైకే పోనిమ్మంది. జనరేటరు మళ్ళీ వేయలేదు. కిటికీలు బార్లా తెరిచి, అక్కచెల్లెళ్ళు చెరో కిటికీ దగ్గర కూర్చుంటే బండి మెల్లగా కొండెక్కింది. వెనక నుంచి వాళ్ళ మాటలు జీపులోకి వినబడుతూనే ఉన్నాయి. కాఫీ పూలు మల్లెల్లా లేవు, సన్నజాజుల్లా ఉన్నాయని దాలమ్మ తేల్చింది.

కూర్మమ్మ అభిప్రాయ పత్రంలో గుండ్రటి అక్షరాలతో రాసింది: జనరేటరు పొగ గదిలోకి వస్తున్నది, ఇది ప్రాణాపాయం, డ్రైవరు ఆపినందువల్ల బతికాము, కిటికీలు తెరిచిన తరువాత ప్రయాణము చాలా బాగున్నది. వరహాలు చివరి మాటల్ని బట్టి దాన్ని 'అత్యద్భుతం'లో వేయబోయి, మధ్యలోని మాటలు చూసి ఆగి, సంచాలకుల బల్ల మీద పెట్టాడు.

నాలుగో రోజున అప్పలసూరికి అభియోగ పత్రం వచ్చింది. ఒకటి, యాత్రికులకు వాగ్దానము చేసిన విద్యుత్తును డెబ్బది కిలోమీటర్ల మేర నిలుపుదల చేసినాడు. రెండు, మండలి సరఫరా చేయని గాలిని అనుమతి లేకుండా సౌధములోనికి రానిచ్చినాడు. మూడు, ఇరువదవ కిలోమీటరు మొదలు కొలతలు నమోదు చేయలేదు. అప్పలసూరి జవాబుగా ఒకే వాక్యం రాశాడు. పొగ వస్తోంది, మనుషులు చచ్చిపోతారు. జవాబు తిరిగొచ్చింది. సౌధము యొక్క ఆమోదిత చిత్రపటములో పొగ ప్రవేశించుటకు మార్గమేదియు చూపబడలేదు గనుక ఈ వివరణ సంతృప్తికరముగా లేదని దానిమీద రాసి ఉంది. కేలండరు మీది సున్నా చేరడానికి ఇంకా తొమ్మిది రోజులుండగా విచారణ అన్నారు.

ఆ సాయంత్రం అచ్చియ్యమ్మ అభియోగ పత్రం రెండుసార్లు చదివించుకుంది. అతను ఆమె ఏమంటుందోనని ఎదురుచూశాడు. ఆపకపోతే ఆ ముసలమ్మ పోయుండేదా అని అడిగింది. పోయుండేదని చెప్పాడు. అయితే మంచిపనే చేశావంది. లారీ వాళ్ళు మళ్ళీ రానిస్తారేమో కనుక్కోమంది.

విచారణ సంఘంలో ముగ్గురు: మార్తాండరావు గారు, మందాకిని గారు, రాసుకోవడానికి వరహాలు. వినికిడి మీద ఆధారపడక స్వయంగా సౌధంలో ప్రయాణించి నిజం నిగ్గు తేలుస్తామని సంచాలకులు ప్రకటించారు. కిటికీలకు కొత్త సీళ్ళు వేయించారు. సాక్షిగా వచ్చిన కూర్మమ్మ, ఆ గదిలో కూర్చోవద్దని ముగ్గురికీ చెప్పింది.

"అమ్మా, మీ అనుభవాన్ని మేము గౌరవిస్తున్నాము," అన్నారు మార్తాండరావు గారు. "కాని విచారణలో ఆధారములకే స్థానము."

అప్పలసూరి నడపనన్నాడు. రాతపూర్వకమైన ఉత్తర్వు ఇచ్చారు. అతను నడపకపోతే ఇంకో డ్రైవరును పిలిపిస్తామన్నారు. ఆ ఇంకో డ్రైవరు పది కిలోమీటర్ల దాకా ఆపడని అప్పలసూరికి తెలుసు. కూర్మమ్మ జీపులో ముందు సీట్లో వచ్చి కూర్చుని, చీర చెంగు సర్దుకుని, చేతి గడియారం చూసుకుంది.

"మెల్లిగా తోలు నాయనా. కొలతల దాకా ఎల్లొద్దు. నాను సెప్పినకాడ ఆపీ," అంది.

అప్పలసూరి అద్దంలో సౌధాన్నీ, పంజరంలోంచి వెనక్కి పోతున్న పల్చటి పొగనూ చూస్తూ తోలాడు. కూర్మమ్మ గడియారం మీంచి కళ్ళు తీయలేదు. జీడితోటలు మొదలైనచోట ఆపమంది. అతను దిగి జనరేటరు ఆపి, పరుగున వెళ్ళి తలుపు తీశాడు.

వరహాలు ఫైలు మీద చెంప ఆనించి నిద్రపోతున్నాడు. మందాకిని గారు ఒక చేత్తో తల పట్టుకుని, రెండో చేత్తో తలుపు గడియ అనుకుని ఫ్రిజ్ పిడి తిప్పుతున్నారు. మార్తాండరావు గారు మాత్రం కూర్చున్నచోటే కూర్చుని, సగం మూతపడిన కళ్ళతో, నిద్రపోతున్న వరహాలుకు నివేదిక చెబుతున్నారు.

"వ్రాయండి. కొండల సౌందర్యము వర్ణనాతీతముగా ఉన్నది."

కిటికీలకు తెరలు దించి ఉన్నాయి. కొండలు ఇంకా ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి.

ఒక్కొక్కరినే దింపి జీడిచెట్ల నీడలో కూర్చోబెట్టారు. కూర్మమ్మ కాలరు గుండీలు విప్పించింది, నీళ్ళు తాగించింది, నిద్రపోనివ్వకుండా పేర్లు పెట్టి పిలుస్తూ కూర్చుంది. వరహాలు తేరుకుని, తను ఎక్కడ ఆగాడో వెతుక్కోవడానికి ఫైలు తెరిచాడు. మొదటి పేజీలో తేదీ ఒక్కటే ఉంది. సంచాలకులు చాలాసేపు రెండు చేతులతో తల పట్టుకుని ఉండిపోయారు. అప్పలసూరి ఆయనకు తన తువ్వాలు తడిపి ఇచ్చాడు. ఆయన అది తీసుకుని నుదుటికి చుట్టుకున్నారు.

"సార్, జనరేటరు కదులుతోంది," అన్నారు మందాకిని గారు మెల్లగా.

"తెలుస్తోందమ్మా," అన్నారు ఆయన. ఆ మాట మామూలు మనిషిలా అన్నారు. తువ్వాలు బిగించుకుని, "కాని రాయలేం. నిశ్చలమని మనమే సంతకాలు పెట్టాం" అన్నారు.

మందాకిని గారు జీడితోట వైపు చూస్తూ ఆలోచించారు. గాలికి ఆవిడ మొహంలోకి మళ్ళీ రంగు వస్తోంది. జనరేటరు నిశ్చలమే అని రాద్దామన్నారు. కదిలింది యాత్రికులు. కదిలే యాత్రికులు నిశ్చలమైన జనరేటరు ఉన్న గదిలో ఉండటం భద్రతా నియమాలకు విరుద్ధం. వాళ్ళను జీపులో కూర్చోబెడితే సరిపోతుంది. సౌధంలో కరెంటు నిరంతరాయంగానే ఉంటుంది.

మార్తాండరావు గారు తడి తువ్వాలు తీసి ఆవిడ వైపు చూశారు. తరవాత అప్పలసూరి వైపు చూశారు. ఆ చూపులో కృతజ్ఞత లాంటిదేదో ఉంది గాని దాన్ని ఏ నమూనా పత్రంలో తెలపాలో ఆయనకు తోచినట్టు లేదు. వరహాలును రాసుకోమన్నారు.

ఆ సవరణ మొదటి యాత్ర నాటి నుంచే అమలులో ఉన్నట్టు ఉత్తర్వు వెలువడింది. దాని ప్రకారం ఇంతవరకూ ఏ యాత్రికుడూ సౌధంలో ప్రయాణించలేదు. ప్రయాణించనివాళ్ళకు కరెంటు ఆపడమూ, గాలి పెట్టడమూ, వాళ్ళ కోసం కొలతలు రాయకపోవడమూ నేరం కాదు గనక అప్పలసూరి మీది అభియోగాలు వీగిపోయాయి. సున్నా చుట్టిన తేదీకి రెండు రోజుల తరవాత అతను పర్మనెంటయ్యాడు. అచ్చియ్యమ్మ ఆ ఉత్తర్వు దేవుడి పటం వెనక దోపింది. కూర్మమ్మకూ ఒక ఉత్తరం వెళ్ళింది. ఫలానా తేదీన మీరు ప్రయాణించలేదని నిర్ధారణ అయినందువల్ల, మీ యాత్ర ఇంకను బాకీ ఉన్నదని తెలియజేయడమైనది అని అందులో ఉంది. అక్కచెల్లెళ్ళు ఆ ఉత్తరం రెండుసార్లు చదువుకుని, బట్టలు సర్దుకున్నారు.

ఈసారి ఇద్దరూ జీపులో వెనక సీట్లో కూర్చున్నారు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. దాలమ్మ దారిపొడవునా కనబడ్డ ప్రతి పల్లె పేరూ అడిగింది, కూర్మమ్మ ఆ పల్లెలో తాను టీకాలు వేసిన పిల్లల పేర్లు చెప్పింది. వెనక సౌధం లైట్లు వెలిగించుకుని, ఏసీ వేసుకుని, ఎవరూ లేకుండా కొండెక్కింది.

పైన బండి ఆపాక అప్పలసూరి జనరేటరు ఆపి, తలుపు తెరిచి దూరం జరిగాడు. లోపల ఎలా ఉందో చూస్తానని దాలమ్మ మెల్లగా నడిచి వచ్చింది. కాసేపు అడుగు పెట్టొద్దని ఆమెను గుమ్మం బయటే ఆపాడు. ఆమె అక్కడి నుంచే చూసింది. దుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయి. ఫ్రిజ్ మీద మంచినీళ్ళ సీసాలు రెండు, బిరడా తీయనివి. చల్లగాలి గుమ్మం దాటి ఆమె కాళ్ళకు తగిలింది.

"ఎవరి కోసరం నాయనా ఇదంతా?" అంది.

"ఆఫీసు కోసరమమ్మా," అన్నాడు అప్పలసూరి. కాఫీ తోటలు ఎటువైపు బాగుంటాయో ఆమెకు చూపించాడు.